నీరొచ్చింది... మన్ను ఆగింది!

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఒండ్రు మేట వేసి ఏర్పడిన లంకే దివిసీమ. పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలువ నీరు రావడంతో ఇక్కడి రైతులు వరి పండించారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. వేలాదిమంది బలయ్యారు.

అలల ఉద్ధృతిని తగ్గించేది తీరాన ఉన్న మడ అడవి. అయినా 1990 దశకంలో రొయ్యల చెరువుల కోసం పలుచోట్ల మడచెట్లు నరికారు. చెరువుల ఉప్పునీరు పక్క చేలలోకి ఊరింది.

పొలాలకు నీరిచ్చే ఎగువ ఆనకట్టలే ఒండ్రునూ ఆపేశాయి. కొత్త మన్ను చాలక తీరం కోతకు గురవుతోంది. ఉన్న నేలనైనా పట్టి ఉంచేది మడ వేళ్లే. ఏరు పోసిన లంకను ఇక కాపాడుకోవలసింది మనుషులే!