తెలుగు చెవికి చిక్కని ఇంగ్లీషు తప్పులు

పోటీ పరీక్షల ఇంగ్లీషు ప్రశ్నపత్రంలో ఒక వాక్యాన్ని మూడు నాలుగు ముక్కలుగా విడగొట్టి, వాటిలో ఏ ముక్కలో వ్యాకరణ దోషం ఉందో గుర్తించమని అడిగే ప్రశ్నకు అభ్యర్థుల వాడుకలో 'స్పాటింగ్ ఎర్రర్స్' అని పేరు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవల్ పరీక్షలోనూ, బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ పెట్టే ప్రిలిమ్స్‌లోనూ, యూపీఎస్సీ నిర్వహించే ఎన్డీఏ, సీడీఎస్ పరీక్షల్లోనూ ఇది ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. మల్టీ టాస్కింగ్ స్టాఫ్ వంటి కొన్ని పరీక్షలను 2023 నుంచి తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లో రాసే వీలు కలిగినా, ఇంగ్లీషు విభాగం మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది కనుక ఈ ప్రశ్నను తప్పించుకునే దారి లేదు.

దీనికి కోచింగ్ సెంటర్లలో తరచుగా వినిపించే సలహా ఒకటుంది: వాక్యాన్ని మనసులో చదువుకుంటూ పోవాలి, చెవికి ఎక్కడ ఎబ్బెట్టుగా తగిలితే అక్కడే తప్పు ఉన్నట్టు లెక్క. ఇంట్లో, వీధిలో ఇంగ్లీషు వింటూ పెరిగినవారికి ఈ సలహా పనికిరావచ్చు గానీ, తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లీషును పుస్తకాల ద్వారా, తోటి తెలుగువారి మాటల ద్వారా నేర్చుకున్న అభ్యర్థికి ఇది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఆ చెవికి అలవాటైన ఇంగ్లీషు తెలుగు వాక్యనిర్మాణం మీద నిలిచిన ఇంగ్లీషు. అందువల్ల తప్పు వాక్యం సాఫీగా వినిపించి, సరైన వాక్యమే ఎబ్బెట్టుగా తోచడం మామూలు. అయితే ఆ చెవి చేసే పొరపాట్లు గాలివాటంగా వచ్చేవి కావు. అవి తెలుగు వ్యాకరణంలోని కొన్ని నిర్దిష్టమైన చోట్ల నుంచి పుడతాయి కాబట్టి, ఆ చోట్లు తెలిసినవారు తప్పును ముందుగానే ఊహించగలుగుతారు.

వీటిలో మొదటిది, అన్నిటికంటే ఎక్కువ మార్కులు తినేది, కర్తకూ క్రియకూ ఉండవలసిన వచన సంబంధం. 'ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ / సోల్డ్ ఇన్ ద లోకల్ మార్కెట్స్ / వర్ నాట్ గుడ్ లాస్ట్ సమ్మర్ / నో ఎర్రర్' అన్న ప్రశ్నను తీసుకుంటే, దోషం మూడో ముక్కలో ఉంది. 'వర్' ఉన్నచోట 'వాజ్' రావాలి. కర్త ఏకవచనమైతే క్రియ ఏకవచనంలో ఉండాలన్న నియమం తెలుగువారికి కొత్తది కాదు, 'పండు పడింది', 'పండ్లు పడ్డాయి' అనడంలో ఆ నియమమే ఉంది. మరి తెలిసిన నియమం దగ్గరే ఎందుకు తడబడతారన్న ప్రశ్నకు సమాధానం పదక్రమంలో దొరుకుతుంది. ఇదే సంగతిని తెలుగులో 'మార్కెట్లో అమ్మిన మామిడిపండ్ల నాణ్యత బాగాలేదు' అంటారు. ఇక్కడ కర్తను విశేషించే మాటలన్నీ ముందే వచ్చేసి, కర్త అయిన 'నాణ్యత' క్రియ పక్కనే కూర్చుంటుంది. ఇంగ్లీషులో ఇది తలకిందులవుతుంది: కర్త ముందు వచ్చి, దాన్ని విశేషించే మాటలన్నీ కర్తకూ క్రియకూ మధ్య చేరతాయి. క్రియకు ముందున్న నామవాచకాన్నే కర్తగా భావించే తెలుగు అలవాటు 'మార్కెట్స్' అన్న బహువచనాన్ని పట్టుకుని 'వర్' సరైనదేనని తీర్మానించేస్తుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవారు మధ్యలో బహువచనాలను పేర్చేది సరిగ్గా ఈ తడబాటు కోసమే.

అందువల్ల వాక్యం ఎంత పొడవున్నా ముందుగా క్రియను గుర్తించి, 'ఏది బాగాలేదు?', 'ఎవరు వచ్చారు?' అని తెలుగులోనే ప్రశ్న వేసుకుంటే అసలు కర్త బయటపడుతుంది. 'యాజ్ వెల్ యాజ్', 'ఎలాంగ్ విత్', 'టుగెదర్ విత్' వంటి మాటలతో చేరిన పేర్లు కర్త వచనాన్ని మార్చవు. 'నైదర్–నార్' జంటలో మాత్రం క్రియకు దగ్గరగా ఉన్న పేరే వచనాన్ని నిర్ణయిస్తుంది. 'ద నంబర్ ఆఫ్' తరువాత ఏకవచన క్రియ, 'ఎ నంబర్ ఆఫ్' తరువాత బహువచన క్రియ వస్తాయి. మొదటిది సంఖ్యను గురించి చెబుతుంది, రెండోది 'చాలామంది' అన్న అర్థమిస్తుంది.

తెలుగు అన్నిచోట్లా అడ్డుపడుతుందనుకోవడం కూడా సరికాదు. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అన్న తప్పును పట్టుకోవడానికి 'నా స్నేహితుల్లో ఒకడు' అన్న తెలుగు మాటే చాలు, ఎందుకంటే 'స్నేహితుడిలో ఒకడు' అని ఎవరూ అనరు. ఇంతకంటే కఠినమైన ప్రశ్నలోనూ తెలుగు అక్కరకు వస్తుంది. 'హీ ఈజ్ వన్ ఆఫ్ ద క్లర్క్స్ హూ హ్యాజ్ అప్లయిడ్ ఫర్ లీవ్' అన్న వాక్యంలో 'హ్యాజ్' తప్పని చాలామంది గ్రహించలేరు. దాన్ని తెలుగులో చెప్పుకుంటే 'సెలవు కోరిన గుమస్తాల్లో ఇతడొకడు' అవుతుంది. 'కోరిన' అన్న మాట 'గుమస్తాలు' అన్న బహువచనానికి చెందినదని వెంటనే తెలిసిపోతుంది గనుక 'హ్యావ్' రావాలి. అదే వాక్యంలో 'వన్' ముందు 'ద ఓన్లీ' చేరితే సెలవు కోరినవాడు ఒక్కడే అవుతాడు, అప్పుడు 'హ్యాజ్' సరైనదవుతుంది.

రెండో చోటు విభక్తులు. తెలుగులో నామవాచకం చివర చేరే 'తో', 'మీద', 'కంటే', 'గురించి' వంటి వాటి పనిని ఇంగ్లీషులో పేరుకు ముందు వచ్చే చిన్న పదాలు చేస్తాయి. వాటినే ప్రిపోజిషన్లు అంటారు. విభక్తికి సాటిగా ఒక ప్రిపోజిషన్‌ను గుర్తుపెట్టుకుని ప్రతిచోటా దాన్నే వాడటం వల్ల వరుసగా తప్పులు పుడతాయి. 'అతని మీద కోపం' నుంచి 'యాంగ్రీ ఆన్ హిమ్' వస్తుంది, ఉండవలసింది 'విత్'. 'ఆమెతో పెళ్లయింది' నుంచి 'మ్యారీడ్ విత్ హర్' వస్తుంది, ఉండవలసింది 'టు'. 'సమస్య గురించి చర్చించారు' నుంచి 'డిస్కస్డ్ ఎబౌట్ ద ప్రాబ్లమ్' వస్తుంది; ఇక్కడ అసలు ఏ ప్రిపోజిషనూ అక్కరలేదు. ఈ చివరి రకంలో ఒక మెలిక ఉంది: 'డిస్కస్', 'రిక్వెస్ట్', 'ఆర్డర్' క్రియలుగా ఉన్నప్పుడే కర్మకు ముందు ప్రిపోజిషన్‌ను సహించవు గానీ, నామవాచకాలుగా మారితే 'ఎ డిస్కషన్ ఎబౌట్', 'ఎ రిక్వెస్ట్ ఫర్', 'ఎన్ ఆర్డర్ ఫర్' అనడం నిర్దోషం. మాటను చూసి బట్టీపట్టిన నియమాన్ని అప్పజెప్పేవారు ఇక్కడే బోల్తాపడతారు. ఇక 'కంటే' సంగతి: పోలిక ఏదైనా తెలుగుకు 'కంటే' ఒక్కటే చాలు, ఇంగ్లీషుకు 'దాన్' చాలదు. 'సీనియర్', 'జూనియర్', 'సుపీరియర్', 'ఇన్ఫీరియర్' వంటి లాటిన్ మూలపు మాటలు, 'ప్రిఫర్' అన్న క్రియ 'టు'ను కోరతాయి.

కాలానికి సంబంధించిన తప్పుల మూలం మరీ స్పష్టం. 'సోమవారం నుంచి', 'మూడేళ్ల నుంచి' అని తెలుగు రెండింటికీ ఒకే 'నుంచి' వాడుతుంది. ఇంగ్లీషు మాత్రం పని మొదలైన క్షణాన్ని చెప్పడానికి 'సిన్స్', గడచిన వ్యవధిని చెప్పడానికి 'ఫర్' అని రెండుగా విడదీస్తుంది. పైగా 'మూడేళ్ల నుంచి ఈ ఆఫీసులో పనిచేస్తున్నాడు' అన్న వాక్యంలోని వర్తమాన క్రియ యథాతథంగా 'ఈజ్ వర్కింగ్' అయిపోతుంది. గతంలో మొదలై ఇప్పటికీ సాగే పనికి ఇంగ్లీషు 'హ్యాజ్ బీన్ వర్కింగ్' అన్న వేరే రూపాన్ని కోరుతుంది. అలాగే తెలుగు 'వచ్చాడు' ఒక్కటే 'కేమ్'కూ 'హ్యాజ్ కమ్'కూ సరిపోవడం వల్ల, నిన్న, నిరుడు వంటి కాలవాచకం ఉన్నప్పుడు 'హ్యాజ్' రాకూడదన్న సంగతి మరుగున పడుతుంది. 'హీ హ్యాజ్ కమ్ ఎస్టర్‌డే' ఎంత సహజంగా వినిపించినా తప్పే.

ఉపవాక్యాల దగ్గర తెలుగు వ్యాకరణం 'వస్తే' వంటి రూపాన్ని చేదర్థకమనీ, 'వచ్చినా' వంటి రూపాన్ని అప్యర్థకమనీ పిలుస్తుంది. చేదర్థకానికి కాలభేదం లేదు కాబట్టి దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు రేపటి సంగతికి భవిష్యత్కాలం పెట్టాలనిపించి 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్' అనేస్తారు. 'ఇఫ్' ఉన్న భాగంలో 'రెయిన్స్' అనే వర్తమాన రూపం ఉండి, ప్రధాన వాక్యంలో 'విల్' ఉండాలి. అప్యర్థకం దగ్గర 'వాన పడినా గానీ ఆట ఆగలేదు' అనే వాడుక 'దో' మొదట్లో, 'బట్' మధ్యలో వచ్చే జంటగా మారుతుంది. ఇంగ్లీషుకు వాటిలో ఒకటి చాలు. 'తిరిగి వచ్చాడు' నుంచి పుట్టిన 'రిటర్న్డ్ బ్యాక్', 'మళ్లీ చెప్పు' నుంచి పుట్టిన 'రిపీట్ అగైన్' ఇదే కోవకు చెందిన పునరుక్తులు.

నామవాచకాల ముందు వచ్చే 'ఎ', 'ఎన్', 'ద' అనే ఆర్టికల్స్ తెలుగులో లేవు. వీటిలో 'ద' వాడుక సుదీర్ఘమైన చదువుతో మాత్రమే పట్టుబడుతుంది. 'ఎ', 'ఎన్'ల తేడాకు మాత్రం తెలుగు లిపే మంచి పరికరం. ఈ ఎంపిక మొదటి అక్షరాన్ని బట్టి గాక మొదటి ధ్వనిని బట్టి జరుగుతుంది. తెలుగు లిపి ధ్వనినే రాస్తుంది. ఇంగ్లీషు మాటను తెలుగులో రాసి చూసుకుంటే, అచ్చుతో మొదలైతే 'ఎన్', హల్లుతో మొదలైతే 'ఎ' అని తేలిపోతుంది. 'అవర్', 'ఆనెస్ట్', 'ఎమ్మెల్యే' అచ్చుతో మొదలవుతాయి. 'యూనివర్సిటీ', 'యూరోపియన్', 'వన్ రూపీ' హల్లుతో మొదలవుతాయి. అయితే ఈ పరికరానికీ ఒక లోపముంది: సంవత్సరమనే అర్థంలో 'ఇయర్' అని తెలుగువారు రాసే మాటకు అసలు ఉచ్చారణలో ముందు య-ధ్వని ఉంది కనుక అది 'ఎ ఇయర్' అవుతుంది గాని 'ఎన్ ఇయర్' కాదు. చెవి అన్న అర్థమున్న మాటకైతే 'ఎన్' సరైనదే.

పరీక్షల ఇంగ్లీషు వ్యవహారంలోని ఇంగ్లీషు కంటే కొంత పాతబడినదన్న విషయాన్నీ చెప్పుకోవాలి. 'లెస్ట్' తరువాత 'షుడ్', 'నో సూనర్' తరువాత 'దాన్', 'హార్డ్‌లీ', 'స్కేర్స్‌లీ' తరువాత 'వెన్' వంటి జంటలు నేటి మాటల్లో అరుదుగా వినిపించినా ప్రశ్నపత్రాల్లో మాత్రం పదేపదే కనిపిస్తాయి. తరతరాలుగా మన బడుల్లో చెలామణిలో ఉన్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణ సంప్రదాయమే దీనికి ఆధారమని చెప్పవచ్చు. ఇది భాషాభిమానికి చిరాకు తెప్పించవచ్చు గానీ, ఉద్యోగార్థి ఆ తగువులో తలదూర్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. నాలుగైదు జంటలను కంఠస్థం చేసి ముందుకు సాగడమే తెలివైన పని. 'ఫర్నిచర్', 'ఎడ్వైస్', 'ఇన్ఫర్మేషన్' వంటి బహువచనం లేని మాటల జాబితా కూడా అటువంటిదే.

సాధారణంగా ఒక ప్రశ్నలో ఒకే దోషం ఉంటుంది. అభ్యర్థికి రెండు ముక్కల్లో తప్పులు కనిపించాయంటే, వాటిలో ఒకటి తప్పు కాదని అర్థం; అప్పుడు నియమం చెప్పగలిగిన దాన్ని ఉంచుకుని, కేవలం ఎబ్బెట్టుగా తోచిన దాన్ని వదిలేయాలి. ఏ నియమమూ గుర్తుకు రాని వాక్యంలో బలవంతంగా తప్పును వెదికేకంటే 'నో ఎర్రర్' గుర్తించడం మేలు. అది అలంకారానికి పెట్టిన జవాబు కాదు, నిజంగానే కొన్ని ప్రశ్నలకు సరైన జవాబు అదే అవుతుంది.

ఊహించి గుర్తించడం ఎంతవరకు లాభమో లెక్క వేసి చూడవచ్చు. కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవల్ మొదటి దశలో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు, అంటే ఒక్కోదానికి సగటున 36 సెకన్లు; వాటిలో 25 ఇంగ్లీషువి. సరైన జవాబుకు 2 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు 0.50 పోతుంది. నాలుగు జవాబుల్లో గుడ్డిగా ఒకటి గుర్తిస్తే ప్రశ్నకు సగటున దక్కేది 0.125 మార్కు, ఒక్క జవాబును కచ్చితంగా తోసిపుచ్చగలిగితే ఆ సగటు 0.33కు, రెండింటిని తోసిపుచ్చగలిగితే 0.75కు పెరుగుతుంది. అయిదు జవాబులుండి, ఒప్పుకు 1 మార్కు ఇచ్చి తప్పుకు 0.25 కోసే బ్యాంకు ప్రిలిమ్స్‌లో మాత్రం గుడ్డి ఊహకు దక్కేది సగటున సున్నా.