కాకా హోటల్ భోజనం - మన రుచి, మన హక్కు

హాస్టల్‌లో చదివిన వాళ్లకు రెండు వంటలు బాగా తెలుసు. ఒకటి ఇంట్లో అమ్మ వంట, రెండోది హాస్టల్‌లో వంటమనిషి వంట. ఈ రెండూ కాక మూడోది ఒకటుంది. బస్టాండు పక్కనో, తాలూకా ఆఫీసు ఎదుటో, కాలేజీ గేటు ముందో రేకుల షెడ్డు కింద నాలుగు బల్లలు వేసి నడిపే చిన్న హోటల్ వంట. కాకా హోటల్ అనండి, మెస్ అనండి, టిఫిన్ సెంటర్ అనండి, మనకు తెలిసిన బయటి తిండి అదే. స్కాలర్‌షిప్ చేతికొచ్చిన రోజున, పరీక్షలు అయిపోయిన రోజున, నాన్న చూడ్డానికి వచ్చి బయటికి తీసుకెళ్లిన ఆదివారం నాడు మనం పోయేది అక్కడికే.

పెద్ద హోటళ్ల గురించి పత్రికల్లో ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. ఈ చిన్న హోటళ్ల గురించి మన వార్షికోత్సవ సంచికలో మనమే రాసుకోవాలి. ఏ ప్రాంతంలో ఏమి దొరుకుతుంది, దానికి అంత రుచి ఎలా వస్తుంది, ఆ బల్ల ముందు కూర్చునే హక్కు మనకెలా దక్కింది అనే విషయాలను పాత విద్యార్థులుగా మేము ఇక్కడ చెప్పదలిచాం.

ఊరికో రుచి

రాయలసీమలో పొద్దున్నే హోటల్‌కు వెళ్తే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ దొరుకుతాయి. మరమరాలనే అక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్లలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి కలుపుతారు. పది నిమిషాల పని. మధ్యాహ్నానికి రాగి సంగటి. బియ్యాన్ని మెత్తగా ఉడికించి, అందులో రాగిపిండి వేసి తెడ్డుతో గట్టిగా గెలికి ముద్దలు చేస్తారు. దానికి నాటుకోడి పులుసు తోడైతే ఇక చెప్పేదేముంది! 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఎండలో పనిచేసేవాళ్లు ఒక ముద్ద తిని సాయంత్రం దాకా ఆగగలుగుతారు.

కోస్తాలో పెసరట్టు, ఉప్మా జోడీ. దోశ పిండిలా పెసర పిండిని పులియబెట్టరు, నానబెట్టి రుబ్బి వెంటనే పోస్తారు. గుంటూరు వైపు ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి పడాల్సిందే. నెల్లూరు చేపల పులుసులో చింతపండుతో పాటు మామిడికాయ ముక్క వేస్తారు. పొద్దున వండిన పులుసు కంటే ముందు రోజు వండిన పులుసే బాగుంటుందని అక్కడివాళ్లంటారు. రాత్రంతా ఉంటే ముక్కకు పులుపు పడుతుంది.

తెలంగాణలో జొన్నరొట్టె, తలకాయ కూర, బోటి కూర. హైదరాబాద్ పాతబస్తీలో తెల్లవారుజామున పాయా, నహారీ. మేక కాళ్లను రాత్రంతా సన్నని మంట మీద ఉడికిస్తే ఎముకల చుట్టూ ఉండే గట్టి పదార్థం కరిగి రసం జిగురుగా తయారవుతుంది. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చిన కుటుంబాలు హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్లు తెరిచాయి. వాటిలో చాయ్ డికాషన్‌ను మూత బిగించి చాలాసేపు మరిగిస్తారు, పాలను వేరే గిన్నెలో చిక్కగా కాస్తారు. రెండూ కప్పులోనే కలుస్తాయి. పక్కన ఉస్మానియా బిస్కెట్ ఉండాలి. జేబులో డబ్బులు తక్కువైతే వన్ బై టూ చెప్పి ఇద్దరు తాగవచ్చు. ఆ మాట అడగడానికి అక్కడ ఎవరూ సిగ్గుపడరు.

కల్లు దుకాణం తిండి సంగతీ చెప్పుకోవాలి. ఉడకబెట్టి తాలింపు వేసిన గుడాలు, కారంగా వేయించిన బోటి అక్కడి ప్రత్యేకం. హైదరాబాద్ నగరంలో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. అయితే తాగుడు మన ఇళ్లలో ఎన్ని కంచాలు ఖాళీ చేసిందో మనకు తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో సారాకు ఎదురు తిరిగింది ఆ కంచాల కోసమే. ఆ ఉద్యమం వల్లనే 1993లో సారా నిషేధం వచ్చింది. చదువుకునే పిల్లలకు ఆ దుకాణంతో పనిలేదు. గుడాలు మాత్రం ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట. తలకాయ, కాళ్లు, బోటి ఒకప్పుడు పేదల ఇళ్లలోని కూరలు. మంచి మాంసం కొనలేక, దొరికిన దాన్ని ఓపికగా కడిగి, గంటల తరబడి ఉడికించి రుచి తెచ్చింది మన అమ్మలు, నానమ్మలు. అప్పట్లో ఆ వాసనకు ముక్కు మూసుకున్న వాళ్లే ఇప్పుడు 'స్పెషల్' అని బోర్డు పెట్టిన చోట వరసలో నిలబడి తింటున్నారు. తినడం మంచిదే. ఆ వంట ఎవరి చేతుల్లో పుట్టిందో మనం మాత్రం మరచిపోకూడదు.

హోటల్ రుచికి కారణం

ఇంట్లో ఎంత చేసినా హోటల్ రుచి రాదని అందరూ అంటారు. ఇందులో మంత్రం ఏమీ లేదు. మొదటిది మంట. హోటల్ పొయ్యి సెగ ఎక్కువ, పెనం మందం. రోజుకు వందల దోశలు పోసిన ఇనుప పెనానికి నూనె పట్టి ఉంటుంది కాబట్టి దోశ అంటుకోకుండా ఎర్రగా కాలుతుంది. రెండోది ఒకే వంటను రోజూ వండడం. మైసూర్ బజ్జీ ఒక్కటే ఇరవై ఏళ్లుగా వేసే మనిషి చేతికి పిండి ఎంత పలచనో చూడకుండానే తెలుస్తుంది. మూడోది నూనె, ఉప్పు, కారం. అమ్మ చెంచాతో వేసేది హోటల్‌లో గరిటెతో వేస్తారు. రుచికి అదీ కారణమే, రోజూ తినకూడదనడానికీ అదే కారణం.

ఆ బల్ల మనకెలా దక్కింది?

ఇప్పుడు మనం హోటల్‌లోకి వెళ్లి కుర్చీ లాక్కొని కూర్చుంటాం. మన తాతలకు ఇది లేదు. చాలా ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. వాళ్ల గ్లాసు వేరుగా చూరులోనో, బయట గోడ మీదో ఉండేది. టీ తాగి, తామే కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. బల్ల మీద కూర్చోకూడదు, నేల మీదే. పట్నాల్లో హోటళ్ల బోర్డుల మీదే కులం పేరు రాసుకున్న రోజులుండేవి.

విదేశాల్లో పెద్ద చదువులు చదివొచ్చిన డాక్టర్ అంబేద్కర్‌కే 1917లో బరోడాలో దిగడానికి చోటు దొరకలేదు. పేరు మార్చుకొని ఒక పార్సీ సత్రంలో ఉంటే, కొద్ది రోజులకే కర్రలు పట్టుకొని వచ్చి ఖాళీ చేయించారు. ఆయన ఆధ్వర్యంలో ముసాయిదా తయారైన రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. అందులోని 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లలో ప్రవేశానికి కులం, మతం, లింగం, పుట్టిన చోటు అడ్డు కాకూడదని చెబుతోంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టాన్ని 1976లో సవరించి పౌరహక్కుల రక్షణ చట్టం అని పేరు మార్చారు. దాని నాలుగో సెక్షన్ ప్రకారం అంటరానితనం పేరుతో హోటల్‌లోకి రానివ్వకపోయినా, అందరూ వాడే గ్లాసు, ప్లేటు ఇవ్వకపోయినా నేరమే. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా కూడా.

హాస్టల్‌కు వచ్చేటప్పుడు మనం ట్రంకు పెట్టెలో సొంత కంచం, గ్లాసు తెచ్చుకుంటాం. అది సౌకర్యం కోసం. మన తాతలకు గ్లాసు వేరుగా పెట్టింది అవమానించడం కోసం. ఈ తేడా తెలిసినవాళ్లకు హోటల్‌లో ఎవరో తిని, కడిగి, మళ్లీ మన ముందు పెట్టిన స్టీలు ప్లేటు విలువ తెలుస్తుంది.

చెల్లెళ్లకు కూడా ఒక మాట. 15వ అధికరణంలో లింగం అన్న మాట ఉంది. పరీక్షకో, ఇంటర్వ్యూకో ఊరు వెళ్లినప్పుడు ఒంటరిగా హోటల్‌లో కూర్చోవడానికి సంకోచించి పస్తుండే అమ్మాయిలను మేము ఎందరినో చూశాం. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, కాని తినకుండా ఉండకండి.

బల్ల తుడిచే తమ్ముడు

మనం తిని లేచాక బల్ల తుడిచే చిన్నోడిని ఒకసారి చూడండి. వాడి వయసెంత? పద్నాలుగేళ్ల లోపు పిల్లలను హోటళ్లు, ధాబాల్లో పనికి పెట్టడాన్ని 2006 అక్టోబర్ 10 నుంచి నిషేధించారు. 2016 సవరణతో ఇంటి పనుల్లో బడి వేళల తర్వాత సాయపడటం వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఆ వయసు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. అలాంటి పిల్లవాడు కనిపిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు, మన వార్డెన్ గారికి చెప్పవచ్చు. వాడు ఉండాల్సింది మన హాస్టల్‌లో, మన పక్క వరసలో. మనలో కొందరం వేసవి సెలవుల్లో అలా బల్లలు తుడిచి వచ్చినవాళ్లమే కదా!

బయట తినేటప్పుడు

కోచింగ్ కోసం పట్నం వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా అనుభవం ఇది. జనం ఎక్కువగా ఉండే హోటల్‌కే వెళ్లండి, అక్కడ వండింది నిలవ ఉండదు. బజ్జీల మూకుడులో నూనె నల్లగా ఉంటే ఆ పూట ఇడ్లీ తినండి. చట్నీ వాసన చూసి వేసుకోండి. గదిలో అన్నం వండుకొని కర్రీ పాయింట్‌లో కూర, పప్పు తెచ్చుకుంటే ఖర్చు సగానికి తగ్గుతుంది. చాలా మెస్‌లలో ఒక పార్సిల్ అన్నం ఇద్దరికి సరిపోతుంది. వారానికి ఒకసారి మాత్రం ఫుల్ మీల్స్ టోకెన్ తీసుకొని కూర్చోండి. పప్పు, గోంగూర, సాంబారు, పెరుగు, అన్నీ అడిగి వేయించుకోండి. రెండోసారి అన్నం అడగడానికి మొహమాటపడకండి, ఆ టోకెన్‌లో అదీ ఉంది. వడ్డించిన మనిషిని అన్నా అనో, బాబాయ్ అనో వరస పెట్టి పిలవండి. తృప్తిగా తినండి, బాగా చదవండి.