క్రిప్స్ ఆట తగ్గిందా, పని మారిందా?

(మెల్‌బోర్న్ తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

ఈ వారం ఫుటీ గురించి మాట్లాడతానని చెప్పగానే మా ఆవిడ, "ఇంట్లో ఆ అరుపులు చాలవా, రేడియోలో కూడానా?" అంది. అయినా వచ్చేశాను. కారణం చెబుతాను.

ఆ మధ్య ఒక శనివారం టార్నీట్‌లో మిత్రుడింట్లో భోజనాలకి కలిశాం. బిర్యానీ ఇంకా దమ్ మీదే ఉంది. ఈలోగా గరాజ్‌లో వాదన మొదలైంది. "క్రిప్స్ పని అయిపోయిందండీ, కాళ్ళు కదలడం లేదు" అన్నాడు ఒకాయన. "రెండు బ్రౌన్‌లో మెడల్స్ ఊరికే ఇచ్చారా?" అని ఇంకొకాయన లేచాడు. "మెడల్స్ సరే, కప్పు ఏది?" అన్నాడు కాలింగ్‌వుడ్ అభిమాని. వైజాగ్ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ఓ పక్కన కూర్చుని అంతా విని, "అసలు ఆయన చేసే పనేమిటండీ?" అని అడిగాడు. నవ్వకండి, మాలో ఒక్కరం కూడా సూటిగా జవాబు చెప్పలేకపోయాం. ఆ కుర్రాడి ప్రశ్నే ఇవాళ్టి నా విషయం.

కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం ఆట గురించి రెండు ముక్కలు. ఇది సాకర్ కాదు, రగ్బీ అసలే కాదు. ఇక్కడే మెల్‌బోర్న్‌లో 1859లో రాసుకున్న నియమాలతో మొదలైన ఆట. క్రికెట్ మైదానం మీదే ఆడతారు. ఒక్కో పక్షానికి పద్దెనిమిది మంది. బంతిని కాలితో తన్నవచ్చు, లేదా ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టవచ్చు. విసరకూడదు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందులో పోతే బిహైండ్, 1 పాయింటు.

ప్రతి గోల్ తర్వాత బంతి మళ్ళీ మైదానం నడిబొడ్డుకి వస్తుంది. అక్కడి చదరంలో ఒక్కో జట్టు నుంచి నలుగురే ఉండాలి. 2025 సీజన్ దాకా అంపైర్ బంతిని నేలకేసి కొట్టి పైకి లేపేవాడు. ఆ పద్ధతి తీసేసి, 2026 నుంచి పైకి ఎగరేయడమే అన్నారు. ఇద్దరు పొడుగాటి వాళ్ళు గాలిలోకి ఎగిరి బంతిని తట్టి తమ వాళ్ళ వైపు పడేస్తారు. వాళ్ళని రక్‌మెన్ అంటారు. కింద కాచుకుని ఉండే ముగ్గురే మిడ్‌ఫీల్డర్లు.

ఆ ముగ్గురూ ఒకే పని చేయరు, వాదనంతా ఇక్కడే పుడుతుంది. ఒకడు గుంపులోకి తల దూర్చి, నలుగురు మీద పడుతున్నా బంతిని లాగి బయటికి అందిస్తాడు. అతన్ని ఇన్‌సైడ్ మిడ్‌ఫీల్డర్ అంటారు. అలా కొట్లాడి తెచ్చుకున్న బంతి కంటెస్టెడ్ పొజెషన్. దాన్ని గుంపు దాటించి ముందుకు పంపితే క్లియరెన్స్. ఇంకొకడు గుంపు అంచున ఉండి, అందిన బంతిని పరిగెత్తి ముందుకు మోస్తాడు. మూడోవాడు కొన్ని మ్యాచ్‌లలో ప్రత్యర్థి మొనగాడిని అంటిపెట్టుకుని వాడి ఆట సాగకుండా చూస్తాడు, వాడు ట్యాగర్. కబడ్డీ చూసినవాళ్ళకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. కూతకి వెళ్ళినవాడికి చప్పట్లు పడతాయి. కవర్‌లో నిలబడి గొలుసు పట్టినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

ఇక మన కథానాయకుడు. ప్యాట్రిక్ క్రిప్స్, కార్ల్‌టన్ జట్టు, 9వ నంబరు జెర్సీ. పశ్చిమ ఆస్ట్రేలియాలో నార్తాంప్టన్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. 2013 డ్రాఫ్ట్‌లో 13వ పేరుగా కార్ల్‌టన్ తీసుకుంది. ఎత్తు 195 సెంటీమీటర్లు. గుంపులో దిగే పనికి అది మామూలు ఎత్తు కాదు. నలుగురు పట్టుకున్నా చేతులు పైకెత్తి బంతిని అందించేయగలడు.

అతను ఎదిగిన రోజుల్లో జట్టు చాలా బలహీనంగా ఉంది. 2018లో సీజన్ మొత్తం మీద కార్ల్‌టన్ గెలిచింది రెండే మ్యాచ్‌లు, పట్టికలో అట్టడుగు. ఆ ఏడాది కూడా క్రిప్స్ ప్రతివారం వెళ్ళి గుంపులో దూరేవాడు. 2019లో ఆటగాళ్ళంతా కలిసి ఎన్నుకునే ఉత్తమ ఆటగాడి అవార్డు అతనికే వచ్చింది. అదే ఏడాది శామ్ డొకర్టీతో కలిసి కెప్టెన్ అయ్యాడు.

తర్వాత ఆట తగ్గింది. 2021లో వెన్ను నొప్పి బాధించింది. పట్టే బంతులు తగ్గాయి, పట్టినవీ గురి తప్పాయి. అదే ఏడాది క్లబ్బు అతనితో ఆరేళ్ళ ఒప్పందం చేసుకునేసరికి మంటలో నెయ్యి పోసినట్టయింది. రైల్లో, ఆఫీసులో, బార్బర్ షాపులో అందరూ దీని గురించే. అభిమానులు మూడు వర్గాలయ్యారు.

మొదటి వర్గం: అయిపోయాడు. ఏళ్ళ తరబడి ఒక్కడే మోసి శరీరం అరిగిపోయింది, ఇక ఎదురుచూడటం దండగ.

రెండో వర్గం: పని మార్చాలి. అంత ఎత్తు ఉంది, గాలిలో బంతిని బాగా పడతాడు, గోల్ ముందు నిలబెట్టండి. మధ్యలో పరుగు కుర్రాళ్ళకి వదిలేయండి.

మూడో వర్గం: అతన్ని కాదు, పక్కవాళ్ళని చూడండి. గుంపులో దిగేవాడు ఒక్కడే అయితే ప్రత్యర్థికి పని తేలిక. ఆ ఒక్కణ్ణీ కట్టేస్తే చాలు.

ఈ మూడో మాట వినగానే నాకు మన లక్ష్మణ్ గుర్తొచ్చాడు. హైదరాబాద్ వాళ్ళు మర్చిపోరు. మిడిలార్డర్‌లో ఖాళీ లేదని అతన్ని ఓపెనింగ్‌కి పంపారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టినా అక్కడ కుదురుకోలేదు. ఇక ఓపెనింగ్ చేయనని తనే చెప్పాడు. 2001లో కలకత్తా టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో 59 చేశాడు. ఫాలో ఆన్‌లో మూడో స్థానానికి పంపితే 281 చేశాడు. మూడు నుంచి ఆరుకి దిగిన ద్రావిడ్ 180 చేశాడు. అదే మ్యాచ్, అదే మనుషులు, అవే బ్యాట్లు. మారింది స్థానం ఒక్కటే. ఫామ్ అని మనం అనే దాంట్లో ఎంత మనిషిది, ఎంత చోటుది అన్నది అంత తేలిగ్గా తెగే లెక్క కాదు.

కార్ల్‌టన్‌లో ఏం జరిగిందో చూడండి. 2021 చివర్లో కోచ్ డేవిడ్ టీగ్‌ని తీసేశారు, మైకేల్ వాస్ వచ్చాడు. వాస్ కూడా మిడ్‌ఫీల్డరే. 1996లో బ్రౌన్‌లో పంచుకున్నవాడు, బ్రిస్బేన్‌కి 2001 నుంచి వరసగా మూడు కప్పులు గెలిపించిన కెప్టెన్. సిడ్నీ నుంచి జార్జ్ హ్యూవెట్, ఫ్రీమాంటిల్ నుంచి ఆడమ్ సెరా వచ్చారు. అలుపెరగకుండా పరిగెత్తే శామ్ వాల్ష్ అప్పటికే ఉన్నాడు. హ్యూవెట్ గుంపులో దిగడానికి జంకని మనిషి. అంటే క్రిప్స్ భారం పంచుకునేవాడు దొరికాడు. క్రిప్స్‌ని మిడ్‌ఫీల్డ్ నుంచి తీసేయలేదు. మధ్యలో ఆడుతూనే ముందుకి వెళ్ళి గోల్ చేసే వీలు దొరికింది. శరీరమూ కుదుటపడింది. 2022లో 29 ఓట్లతో బ్రౌన్‌లో గెలిచాడు, లాకీ నీల్ కంటే ఒక్క ఓటు ఎక్కువ. ఆ సీజన్ చివర్లో ఒక ఢీకొట్టుడుకి రెండు మ్యాచ్‌ల నిషేధం పడి, అప్పీలులో రద్దయింది. నిషేధం పడిన ఆటగాడికి ఆ మెడల్ ఇవ్వరు కాబట్టి ఆ అప్పీలు మీద ఇప్పటికీ తగువే.

అయితే మూడో వర్గమే గెలిచిందా? అంత తేలిగ్గా చెప్పను. 2024లో క్రిప్స్‌కి 45 ఓట్లు వచ్చాయి. అప్పటిదాకా రికార్డు 36. అదే ఏడు రెండో స్థానంలో ఉన్న నిక్ డేకోస్‌కి 38. దీని మీద వాదించేవాళ్ళు ఒక మంచి మాట అంటారు. ఆ ఓట్లు వేసేది ఫీల్డ్ అంపైర్లు, మ్యాచ్‌కి 3, 2, 1 చొప్పున. అంపైర్ ఎప్పుడూ బంతి పక్కనే ఉంటాడు. బంతి పక్కన ఉండేవాడు మిడ్‌ఫీల్డరే. ఎనభై మీటర్ల దూరంలో ఒక డిఫెండర్ ప్రత్యర్థిని గంటసేపు కదలనివ్వకపోతే అది అంపైర్ కంట ఎంత పడుతుంది?

ఇంకో మాట. ఈనాటి ఆటలో ఎక్కువ స్కోరు పుట్టేది మధ్య చదరం నుంచి కాదు, ఎదుటివాడు బంతి పోగొట్టుకున్న చోటు నుంచి. అందుకే బంతి చేజారగానే వెనక్కి ఎంత వేగంగా పరిగెత్తాడన్నది బంతి గెలవడం అంత ముఖ్యం. భారీ మనిషికి అది కష్టం. 2023లో కార్ల్‌టన్ ప్రిలిమినరీ ఫైనల్ దాకా వెళ్ళి బ్రిస్బేన్ చేతిలో ఓడింది. 2025లో ఫైనల్స్‌కే చేరలేదు. క్లబ్బు చివరి కప్పు 1995ది. 2025లో క్రిప్స్‌కి ముప్పై నిండాయి. "గోల్ ముందుకి పంపండి" అన్న పాత వాదన మళ్ళీ లేచింది. ఈసారి దాన్ని కొట్టిపారేయడం నావల్ల కాలేదు.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లోనూ ఇదే తగువు జరిగింది. మా అబ్బాయి ఆరేళ్ళప్పుడు ఆస్‌కిక్‌లో చేరాడు. 2023లో పద్నాలుగేళ్ళ లోపు జట్టులో మిడ్‌ఫీల్డ్ ఆడేవాడు. నేను బౌండరీ దగ్గర నిలబడి వాడు బంతి పట్టిన ప్రతిసారీ ఫోన్‌లో గీత గీసేవాణ్ణి. కారెక్కగానే మొదటి మాట, "ఇవాళ పద్దెనిమిదే, పోయినవారం ఇరవై రెండు." మార్కుల లిస్టు చూసే అలవాటు కదండీ మనది.

సీజన్ మధ్యలో కోచ్ వాణ్ణి హాఫ్ బ్యాక్‌కి, అంటే డిఫెన్స్ వైపు మార్చాడు. నా గీతలు తొమ్మిదికి పడిపోయాయి. నాకు ఒళ్ళు మండింది. మనవాడని వెనక్కి తోశారేమో అని కూడా అనుమానపడ్డాను, దాచను. కార్లో వాడితో, "నిన్ను పక్కన పెట్టేశార్రా" అనేశాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఆ రాత్రి, "నాన్నా, నాకింక ఫుటీ వద్దు" అన్నాడు.

మా పక్కింటాయన డెబ్బై దాటిన కార్ల్‌టన్ అభిమాని, ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం. కంచె దగ్గర ఆయనతో మొర పెట్టుకున్నాను. ఆయన కోచ్‌ని ఏమీ అనలేదు. "వచ్చే ఆదివారం నేనూ వస్తాను. నువ్వు ఫోన్ ఇంట్లో పెట్టిరా. బంతి ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు మీవాడు ఎక్కడున్నాడో అది మాత్రం చూడు" అన్నాడు.

చూశాను. వాడు బంతి కంటే ముందే అది పడే చోటికి చేరుతున్నాడు. వెనకున్న చిన్నపిల్లలకి చెయ్యి చూపించి ఎక్కడ నిలబడాలో చెబుతున్నాడు. మూడుసార్లు గోల్ కాకుండా ఆపాడు, అందులో రెండుసార్లు బంతిని ముట్టుకోలేదు కూడా. నా ఫోన్‌లో ఒక్క గీత కూడా పడేది కాదు. మ్యాచ్ అయ్యాక కోచ్‌ని అడిగితే, "వీడు ఆటని ముందుగా చదవగలడు, అందుకే అక్కడ పెట్టాను" అన్నాడు. ఆ మాట నేను ముందే అడిగి ఉండాల్సింది. ఇంటికి వెళ్ళేటప్పుడు వాడికి సారీ చెప్పాను. వాడు, "ఇట్స్ ఓకే నాన్నా" అన్నాడు గానీ, మళ్ళీ మామూలుగా మాట్లాడడానికి రెండు మూడు వారాలు పట్టింది.

కనుక ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు మూడు విషయాలు గమనించండి. ఒకటి, మధ్య చదరంలో ఆ ముగ్గురూ ఎక్కడెక్కడ నిలబడ్డారు. రెండు, గుంపులోకి దిగినవాడి చేతి నుంచి బంతి అందుకునేవాడు పక్కన ఉన్నాడా లేడా. మూడు, బంతి చేజారినప్పుడు ఎవరు వెనక్కి పరిగెత్తారు, ఎవరు నడిచారు. అవి చూశాక క్రిప్స్ బాగా ఆడాడో లేదో మీరే చెప్పండి. ఆఫీసులో కూడా ధైర్యంగా వాదించండి. ఈ ఊళ్ళో పరిచయమయ్యాక వచ్చే మొదటి ప్రశ్నల్లో ఒకటి "నువ్వు ఎవరికి బ్యారక్ చేస్తావు?" అన్నదే, అంటే ఏ జట్టు వైపు అని. దానికి జవాబుంటే తర్వాతి మాటలు వాటంతటవే వస్తాయి.

మా వాడు ఇప్పటికీ హాఫ్ బ్యాక్‌లోనే ఆడుతున్నాడు. బౌండరీ దగ్గర నా వేళ్ళు ఇప్పటికీ వాటంతటవి లెక్క పెడతాయి. కారెక్కాక మాత్రం ఆ అంకె అడగను. "ఆకలేస్తోందా?" అని అడుగుతాను.