శరీరధారణ హేతువు: క్రైస్తవ వేదాంత వివరణ

దేవుడు మానవుడు కావలసిన అవసరమేమిటన్న ప్రశ్నకు క్రైస్తవ వేదాంతంలో రెండు సమాధానాలు ప్రసిద్ధమైనవి. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన అథనాసియస్ దీనిని స్వస్థత దృష్టితో వివరించాడు. మృత్యువు మానవ దేహాన్నే ఆశ్రయించింది కనుక జీవదాత ఆ దేహాన్నే ధరించి మృత్యువును జయించాలన్నది ఆయన వాదం. 1098లో తన గ్రంథాన్ని పూర్తిచేసిన ఆన్సెల్మ్‌ది ఋణ దృష్టి. పాపపరిహారం చెల్లించవలసినవాడు మానవుడు, చెల్లించగలవాడు దేవుడొక్కడే. కనుక రక్షకుడు ఆ ఇద్దరూ కావాలి.

వైష్ణవ సంప్రదాయంలో అవతారాలు అనేకం. క్రైస్తవ విశ్వాసంలో దేవుడు మానవుడైనది ఒక్కసారే. యోహాను సువార్త తొలి అధ్యాయపు తెలుగు అనువాదంలో ‘అవతారం’ కాక ‘శరీరధారి’ అన్న పదం ఉండటం ఈ సందర్భంలో గమనార్హం. ఆ దేహం కేవలం ఆభాసే అయితే మరణం నిజం కాదు. అప్పుడు పై రెండు సమాధానాలూ నిలువవు.