కొండ బాటలో కెమెరా

సైకిలు మీద కొండలెక్కి దిగేవారు నీళ్ల సీసా, గాలి పంపు, పంక్చరు సామాను వెంట తీసుకొని వెళతారు. వీటి అవసరము ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. అయితే కెమెరా ఎందుకు? అది బరువు. పడితే నష్టము. దాని కోసము ఆగితే ఆలస్యము. అయినప్పటికీ గుంపులో ఒక్కరైనా దానిని మోయడము మంచిదని మేము తలంచుచున్నాము. ఎందుకని మేమట్లు తలంచుచున్నామో తెలియాలంటే, జరిగిన ఒక సంగతి చెప్పాలి.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో, శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన, మారిన్ కౌంటీ అనే కొండ ప్రాంతమున్నది. 1970లలో అక్కడి యౌవనస్థులు కొందరు ఎప్పటివో పాత ష్విన్ సైకిళ్లను సంపాదించి, బాగుచేసుకొని, మట్టి బాటల్లో కొండ దిగడము మొదలుపెట్టారు. ఆ సైకిళ్లు చాలా బరువైనవి. 1976 అక్టోబరు 21న చార్లీ కెల్లీ అనే ఆయన ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర మొదటి పందెము ఏర్పాటు చేశారు. బాట పొడవు మూడు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. దిగవలసిన ఎత్తు మాత్రము 1,300 అడుగులు!

ఆ పాత సైకిళ్లలో అనేకమైన వాటికి పెడలును వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కొండ కిందికి చేరేసరికి ఆ బ్రేకు కాగిపోయి, హబ్బులోని గ్రీజు పొగలు కక్కేది. మళ్లీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు కూర్చవలసిందే. అందుకే ఆ బాటకు రీప్యాక్ అనే పేరు వచ్చింది. తిరిగి కూర్చుట అని దాని అర్థము.

ఆ గుంపులో వెండీ క్రాగ్ అనే సోదరి ఒకరు ఉండేవారు. ఆమె ప్రక్కన నిలబడి చూసిన మనిషి కాదు, తానును సైకిలు తొక్కినవారే. ఆ బాటను 5 నిమిషాల 27 సెకన్లలో దిగి, స్త్రీలలో రికార్డు నిలిపారు. పురుషులలో రికార్డు గ్యారీ ఫిషర్‌ది, 4 నిమిషాల 22 సెకన్లు. అయితే ఆమె ఇంకొక పని కూడా చేశారు. కెమెరా మోశారు. 1978లో ఈ గుంపులోని కొందరు కొలరాడో రాష్ట్రానికి వెళ్లి, దాదాపు 12,700 అడుగుల ఎత్తున ఉన్న పెర్ల్ పాస్ అనే కనుమను సైకిళ్లతో దాటినప్పుడు ఆమె కూడా ఆ ప్రయాణములో ఉన్నారు.

ఇది ముందుకు ఏమవుతుందో ఆనాడు వారిలో ఎవరికి తెలుసు? 1977లో వారిలో ఒకరైన జో బ్రీజ్ కొండ బాట కోసమే కొత్త సైకిలు తయారుచేశారు. 1990లో ఈ క్రీడకు ప్రపంచ పోటీలు వచ్చాయి. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో చోటు దొరికింది. ఈ రోజు ఆ తొలినాళ్లు ఎట్లుండెనో చూడగోరినవారు వెండీ క్రాగ్ ఫోటోలను వెదకుతారు. జీన్సు ప్యాంట్లు, పనివాళ్లు తొడిగే బూట్లు, తోలు చేతి తొడుగులు, తల మీద హెల్మెట్ లేదు, వెనుక లేచిన దుమ్ము: ఇవన్నీ వాటిలో కనబడతాయి. పందెములో ఎవరు ఎన్ని సెకన్లకు చేరారో కాగితము చెబుతుంది. వారు ఎట్టివారో, ఎట్లు నవ్వారో ఫోటో చెబుతుంది. ఒకరు ఆగి తీయబట్టే కదా అది మనకు మిగిలింది!

కాబట్టి తీసుకొని వెళ్లండి. కాని జాగ్రత్తగా తీసుకొని వెళ్లండి. అనుభవజ్ఞులు పాటించే కొన్ని సంగతులు ఇక్కడ చెబుతున్నాము.

మొదటిది, ఎక్కడ పెట్టాలి? హ్యాండిల్‌కు బిగిస్తే రాళ్ల బాటలోని ప్రతి కుదుపు నేరుగా కెమెరాకు తగులుతుంది. అధిక కంపనము ఫోను కెమెరాలలోని సున్నితమైన భాగాలను చెడగొట్టవచ్చునని 2021లో ఆపిల్ కంపెనీయే హెచ్చరించింది. అది మోటారు సైకిళ్లను గూర్చి చెప్పిన మాట అయినా, రాళ్ల బాటలో సైకిలు తొక్కేవారికి కూడా బుద్ధి చెప్పేదే. ఒంటి మీద ఉంటే మన మోకాళ్లు, మోచేతులే ఆ కుదుపును చాలావరకు మింగుతాయి. అయితే మెడలో వేలాడదీయకండి, ఊగి హ్యాండిల్‌కు చిక్కుతుంది. వీపు సంచిలో వెన్నెముకకు ఆనేటట్లు గట్టి వస్తువు పెట్టకండి. పడినప్పుడు కెమెరా పోతే మరొకటి కొనవచ్చును, వెన్నెముకను కొనలేము. మెత్తని గుడ్డ చుట్టి, నడుము సంచిలో ప్రక్కకు పెట్టుకొనుట మేలు.

రెండవది, సైకిలు కదులుతుండగా ఒంటి చేత్తో ఫోటో తీయకండి. ఆగండి. బాట నుండి పక్కకు జరగండి. మలుపు దాటిన వెంటనే నిలబడితే, వెనుక దిగి వచ్చేవారికి మీరు కనబడరు. ఒక్క ఫోటో కోసము ఇద్దరి ఎముకలు విరగవలెనా?

మూడవది, దుమ్ములో లెన్సు మార్చకండి. వానకాలములో కెమెరాను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టండి. ఇంటికి రాగానే బయటికి తీసి తుడిచి ఆరనివ్వండి. తేమ నిలిచిన చోట లెన్సుకు బూజు పడుతుంది.

నాల్గవది, కంటికి భయంకరముగా తోచిన వాలు ఫోటోలో చదునుగా కనబడుతుంది. అందుచేత నిలువుగా పెరిగిన ఒక చెట్టు ఫోటోలో పడేటట్లు చూడండి. దాని ప్రక్కన వాలు ఎంతటిదో తెలిసిపోతుంది. నేలకు దగ్గరగా కూర్చొని, మలుపు తిరిగి వచ్చేవారిని ఎదుటి నుండి తీయండి. ఉదయపు ఎండలోను, సాయంత్రపు ఎండలోను బాట మీది గుంటలు, రాళ్లు చక్కగా తేలతాయి.

ఇక తల్లిదండ్రులకు, పెద్దలకు ఒక మాట. ఈనాడు పల్లెల్లో కూడా పిల్లల చేతుల్లో ఫోన్లున్నవి, కొందరికి గేర్ల సైకిళ్లున్నవి. ఫోన్లలో వేలాది ఫోటోలు చేరుతున్నవి. అయితే ఫోను పాడైన రోజున అవన్నీ పోవచ్చును. ఏడాదికి పది ఫోటోలైనా కాగితము మీద వేయించండి. వెనుక తేదీ, ఊరు, అందులోనివారి పేర్లు వ్రాయించండి. పేరు లేని ఫోటోను ముప్పది ఏండ్ల తరువాత చూచే మనుమడికి అందులో ఉన్నది ఎవరో ఎట్లు తెలుస్తుంది?

గుంపుగా వెళ్లే యౌవనస్థులారా, మీకును ఒక మాట. కెమెరా పట్టిన మనిషి ఫోటోలో ఉండడు. అందరినీ దాచిపెట్టి తాను మాత్రము మరుగున పడతాడు. అందుకని ఒక్కసారైనా అతని చేతిలోనుండి కెమెరా తీసుకొని అతనిని కూడా తీయండి. అతడు ఆగి తీస్తాడు కాబట్టి అందరికంటె ఆలస్యముగా చేరతాడు. విసుగుకొనకండి. కొండ క్రింద కాసేపు అతని కోసము కనిపెట్టండి.