కరవు నాటి ఇనుపదారి మీద గుంటూరు జంక్షను

నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, వానలు ముఖము చాటువేసి, ఉన్నచోటి ధాన్యమును లేనిచోటికి చేర్చు దారి లేక, గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లే పాడుపడిన ఆ మహాక్షామమును మన పెద్దలు డొక్కల కరవని తరతరములుగా తలచుకొనుచు వచ్చిరి. నలుబది యేండ్లు గడచిన పిదప, 1876లో ధాత కరవు దక్షిణాపథమును కబళించినప్పుడు గాని, దారి లేకుండుటయు ప్రాణాంతకమేనని దొరతనమువారి తలకెక్కలేదు. 1880 నాటి క్షామ విచారణ సంఘము ఇనుపదారులు వేయవలెనని గట్టిగా చెప్పినది. 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడినది. బళ్లారి-కృష్ణా స్టేటు రైల్వే యను పేర గుంతకల్లునుండి కృష్ణాతీరమునకు మీటరు గేజి పట్టాలు పరచిరి. నల్లమల కనుమలను తొలిచి, దొరబావి లోయమీద ఎత్తైన వంతెన నిలిపి, గిద్దలూరు, కంభము, మార్కాపురము, దొనకొండ, వినుకొండ, నరసరావుపేటల మీదుగా మైదానమునకు దిగిన ఆ దారి 1890 నాటికి బెజవాడను అందుకొన్నది. గుంటూరు స్టేషను పుట్టుక ఆ దారితోడిదే.

కరవుకని వేసిన దారిని వర్తకము త్వరలోనే తనదిగా చేసికొన్నది. అంతకు పూర్వము ఈ నల్లరేగడి నేలల ప్రత్తి ఎడ్లబండ్లమీద కదలి, కొంత కాలువ పడవలకెక్కి, కాకినాడ రేవునకు పోయెడిది. గుంటూరు, కృష్ణా మండలములలో పండిన పంట సీమ బజారులలో ఆ రేవు పేరుతోనే చెల్లుబాటైనది. పట్టాలు పడిన పిమ్మట జిన్నింగు మిల్లుల బేళ్లును, మార్కాపురము పలకలును, తరువాతి కాలమున పొగాకును, మిరపయు రైలెక్కినవి. 1908లో మద్రాసు రైల్వేయు సదరన్ మరాఠాయు కలిసి ఒకే కంపెనీ కాగా, 1916లో ఆ కంపెనీవారు తెనాలి మీదుగా రేపల్లె వరకు బ్రాడుగేజి దారి వేసిరి. నాటినుండి ఒక్క స్టేషనులోనే పడమటికి ఒక కొలత పట్టాలు, తూర్పునకు ఇంకొక కొలత పట్టాలు నిలిచినవి.

ఈ రెండు కొలతల కష్టము నేటి తరమువారికి తెలియదు గనుక కొంత చెప్పవలసియున్నది. మీటరు గేజి పట్టాల నడిమి ఎడము పేరునకు తగినట్లు ఒక్క మీటరు. బ్రాడుగేజిది 1,676 మిల్లీమీటర్లు. ఈ పట్టాలమీది పెట్టె ఆ పట్టాలమీదికి పోజాలదు. మార్కాపురమునుండి తెనాలికి పెండ్లికి పోవు కుటుంబము, ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలు, పసిబిడ్డలతో ఒక బండి దిగి మరియొక బండి ఎక్కవలసినదే. మొదటిది ఆలస్యమైనచో రెండవది ఆగునను నమ్మకము లేదు. స్వరాజ్యము వచ్చినది, 1951లో సదరన్ రైల్వే వచ్చినది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే వచ్చినది. కాని ఈ యిబ్బంది తీరుటకు 1990లలో గేజి మార్పిడి జరుగు వరకు ఆగవలసివచ్చినది. నూరేండ్ల పాతదారి ఒకే కొలతకు వచ్చిన ఆ పనిని, నా దృష్టిలో, ఈ స్టేషను చరిత్రలో అన్నిటికంటె పెద్ద మేలుగా ఎంచవలెను. 2003 ఏప్రిల్ 1న గుంటూరు డివిజను కేంద్రమైనది గాని, మార్కాపురమువానికి ఆ మేలు తరువాతిదే.

  

2003 ఆగస్టులో హైదరాబాదున ఎమ్మెమ్‌టీయెస్ లోకల్ బండ్లు మొదలైనవి. గుంటూరునకు అట్టి బిరుదు ఏదియు లేదు. అయినను విజయవాడ, గుంటూరు, తెనాలి అను మూడు కోణముల నడుమ ప్యాసింజరు బండ్లును, మెమూలును నిత్యము చేయు సేవ లోకల్ రైళ్ల సేవయే. విజయవాడ సుమారు 30 కిలోమీటర్లు, తెనాలి 25, నరసరావుపేట 45. అన్నియు ఉదయము పోయి సాయంకాలము ఇల్లు చేరదగిన దూరములే. తెల్లవారుబండిలో సీజన్ టికెట్టువారిని చూడుడు: క్యారియరు సంచి కొక్కెమునకు తగిలించి, నిన్నటి మాట విడిచినచోటనే మరల అందుకొను గుమాస్తాలు, పరీక్షపత్రములు దిద్దుకొను పంతులమ్మలు, నంబూరులో దిగి 1976లో వెలసిన నాగార్జున విశ్వవిద్యాలయమునకు నడచు పిల్లలు, చీరల మూటలతో మంగళగిరిలో ఎక్కు నేతవారు. మిరప కోతల కాలమున, మాఘ ఫాల్గుణములలో, కల్లమునుండి నేరుగా వచ్చిన కూలి స్త్రీల కొంగులకంటిన ఘాటు పెట్టెయంతయు వ్యాపించి, ఆ కొసనున్నవారికిని తుమ్ములు తెప్పించును. ఎవరును విసుగుకొనరు, ఆ ఘాటు అందరి యింటిదియు గనుక.

వీరికంటె దీనులు గుంటూరు పెద్దాసుపత్రికి వచ్చువారు. వినుకొండ, దొనకొండ, కురిచేడు ప్రాంతములనుండి, కాలునకు కట్టు కట్టుకొనియో, తలగుడ్డ బిగించుకొనియో, వెంట ఒక ముసలితల్లినో మనుమనినో పెట్టుకొని దిగుదురు. బస్సు ఛార్జీ భరింపలేనివానికి ప్యాసింజరు టికెట్టే ఆధారము. 2020 మార్చిలో కరోనా కారణమున బండ్లు ఆగి, మరల నడచినప్పుడు అవి ఎక్స్‌ప్రెస్ స్పెషళ్లను పేరు దాల్చుటచే, 10 రూపాయల కనీస ఛార్జీ 30 రూపాయలైనది. 2024 ఫిబ్రవరిలో గాని పాత ధర తిరిగి రాలేదు. ఇరువది రూపాయల భేదమేపాటిదనువారు, రానుపోను ఇద్దరికి లెక్క కట్టి, దానిని కూలిడబ్బుతో పోల్చి చూడవలెను.

సరకుల విషయములోను ఆ కరోనా కాలమే ఒక మంచి పని చేయించినది. మిరప టిక్కీలను, అనగా బస్తాలను, బంగ్లాదేశ్ సరిహద్దునకు లారీలమీద పంపుట లాక్‌డౌనులో దుర్ఘటమైనది. పూర్తి గూడ్సుబండి కావలెనన్న కనీసము 1,500 టన్నులు కూడవలెను. చిన్న రైతుకును, చిన్న వర్తకునికిని అది సాధ్యము కాదు. అప్పుడు గుంటూరు డివిజనువారు తక్కువ సరకు చాలునట్లు 16 వ్యానుల పార్శిలు బండిని కూర్చి, 2020 జులైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెమునుండి 384 టన్నుల ఎండుమిర్చిని బంగ్లాదేశ్‌లోని బేనాపోలునకు నడిపిరి. భారత రైల్వే పార్శిలు బండి దేశపు ఎల్ల దాటుట అదియే ప్రథమము. లారీమీద టన్నునకు సుమారు 7,000 రూపాయలగునది ఈ బండిమీద 4,608 రూపాయలకే చేరినది. చిన్నవాని మోపును మోయుటకు నియమమును సడలించిన ఆ యధికారుల బుద్ధిని మనసారా మెచ్చుకొనుచున్నాను.

అట్టి బుద్ధియే మనుష్యుల బండ్ల యెడలను కావలెను. గుంటూరు-గుంతకల్లు నడుమ 401 కిలోమీటర్ల దారికి రెండవ జత పట్టాలు వేయు పని సాగుచున్నది. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రిమండలి ఎర్రుపాలెమునుండి అమరావతి మీదుగా నంబూరు వరకు 57 కిలోమీటర్ల కొత్త దారికి, కృష్ణపై 3.2 కిలోమీటర్ల వంతెనతో, సమ్మతించినది. రాజధానికి రైలు వచ్చుట ఆనందమే. కాని దారులు పెరిగినకొలది దూరపు బండ్లకే త్రోవ యిచ్చి, వాటికై ప్యాసింజరును లూపులైనులో నిలుపుట అలవాటైనచో, ఈ వ్యయమంతయు పొరుగూరివానికి దక్కదు. మార్కాపురము, వినుకొండల బండి పెద్దాసుపత్రిలో ఓ.పీ. చీటీలిచ్చు వేళకు ముందే గుంటూరు చేరవలెను. మందులు తీసికొన్నవారు చీకటిపడకమునుపే ఊరు చేరునట్లు మధ్యాహ్నము తిరుగుబండి ఉండవలెను. ఆ రెండింటిని దాటించి ఏ ఎక్స్‌ప్రెస్సును ముందు పంపరాదు.