ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్లు: పద్దులో కనిపించని వ్యయం, నివారించదగిన నష్టం

ప్రత్యేక వ్యాసం

ఆరోగ్యం కుదుటపడుతుందన్న నమ్మకంతో ఆసుపత్రిలో చేరిన రోగికి అక్కడే మరొక వ్యాధి సోకితే, ఆ నష్టం ఆ ఒక్క కుటుంబంతో ఆగదు. పడకల కొరత, మందుల వ్యయం, మందులకు లొంగని సూక్ష్మజీవుల వ్యాప్తి రూపాలలో అది యావత్తు వైద్య వ్యవస్థపై భారం మోపుతుంది. అయినప్పటికీ ఆసుపత్రి బడ్జెట్లలో ఈ వ్యయానికి ప్రత్యేక పద్దు కనిపించదు. లెక్కకు రాని నష్టం సమీక్షకు రాదు. సమీక్షకు రానిది తగ్గదు. లెక్కించడం మొదలుపెట్టిన చోట దానిని సగానికి పైగా తగ్గించవచ్చునని ఇంగ్లండ్ అనుభవం నిరూపించింది.

ఏది ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్?

చేరే సమయానికి రోగిలో లేకుండా, సాధారణంగా 48 గంటలు గడచిన తరువాత బయటపడే ఇన్‌ఫెక్షన్‌ను ఆసుపత్రిలో సోకినదిగా పరిగణిస్తారు. శస్త్రచికిత్స గాయానికి చీము పట్టడం, మూత్రం కోసం అమర్చిన కాథెటర్ వల్ల మూత్రనాళానికి ఇన్‌ఫెక్షన్ రావడం, పెద్ద రక్తనాళంలో ఉంచిన గొట్టం ద్వారా సూక్ష్మజీవులు రక్తంలోకి చేరడం, వెంటిలేటర్‌పై ఉన్నవారికి న్యుమోనియా రావడం వీటిలో ముఖ్యమైనవి. శస్త్రచికిత్స గాయాలకు సంబంధించిన ఇన్‌ఫెక్షన్ రోగి ఇంటికి వెళ్ళిన తరువాత కూడా బయటపడవచ్చు. అందువల్ల డిశ్చార్జితో లెక్క ముగియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం, ఆసుపత్రులలో చేరిన ప్రతి 100 మంది రోగులలో సంపన్న దేశాలలో ఏడుగురికి, అల్ప, మధ్య ఆదాయ దేశాలలో 15 మందికి కనీసం ఒక ఇన్‌ఫెక్షన్ సోకుతోంది. ఇలా సోకినవారిలో సగటున ప్రతి పదిమందిలో ఒకరు మరణిస్తున్నారు. చేతుల శుభ్రతతో పాటు తక్కువ ఖర్చుతో కూడిన ఇతర జాగ్రత్తలు పాటిస్తే వీటిలో 70 శాతం వరకు నివారించవచ్చునని అదే నివేదిక స్పష్టం చేసింది.

వ్యయం ఎక్కడ దాగి ఉంది?

ఇన్‌ఫెక్షన్ సోకిన రోగి బిల్లులో 'ఇన్‌ఫెక్షన్ ఖర్చు' అని వేరుగా రాయరు. అదనపు రోజుల పడక అద్దె, ఖరీదైన యాంటీబయాటిక్ మందులు, మళ్ళీ మళ్ళీ చేయించే పరీక్షలు, కొన్ని సందర్భాలలో రెండవ శస్త్రచికిత్స అనే పేర్లతో అది చెదిరిపోయి ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో రోగికి బిల్లు రాకపోయినా ఆ వ్యయాన్ని ఖజానా భరిస్తుంది. ఆరోగ్యశ్రీ తరహా పథకాలలో చికిత్సకు నిర్ణీత ప్యాకేజీ మొత్తం ఉంటుంది కనుక, అదనపు రోజుల భారం ఆసుపత్రి మీదనో రోగి మీదనో పడక తప్పదు. రోగికి తోడుగా వచ్చినవారు కోల్పోయే కూలి, చేసే అప్పు ఏ రికార్డులోనూ చేరవు.

బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2000లో ఈ దాగిన వ్యయాన్ని వెలికితీసింది. ఇంగ్లండ్ ఆసుపత్రులలో ఏ సమయంలో చూసినా రోగులలో 9 శాతం మందికి అక్కడ సోకిన ఇన్‌ఫెక్షన్ ఉన్నదని, ఏటా కనీసం లక్ష ఇన్‌ఫెక్షన్లు సోకుతున్నాయని, వ్యయం ఏటా 100 కోట్ల పౌండ్ల వరకు ఉండవచ్చునని ఆ నివేదిక అంచనా వేసింది. ఇన్‌ఫెక్షన్ సోకిన రోగి సగటున 11 రోజులు అదనంగా ఆసుపత్రిలో ఉండవలసి వచ్చిందని, ఒక్కొక్కరిపై అదనంగా సుమారు 3 వేల పౌండ్లు ఖర్చయ్యాయని అంతకు ముందు జరిపిన అధ్యయనం తేల్చింది. 11 రోజులంటే నాలుగేసి రోజులు చికిత్స అవసరమైన దాదాపు ముగ్గురు రోగులకు ఇవ్వదగిన పడక. వరండాలో వేచి ఉన్న రోగి కూడా ఈ నష్టంలో భాగస్వామియే.

లెక్కింపు తెచ్చిన మార్పు

మెథిసిలిన్ మందుకు లొంగని స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా ఆ కాలంలో బ్రిటన్ ఆసుపత్రులను బెంబేలెత్తించింది. ఎం.ఆర్.ఎస్.ఎ.గా పేరుపడిన ఈ సూక్ష్మజీవి రక్తంలో చేరిన ప్రతి కేసునూ ఆసుపత్రులు విధిగా తెలియజేయాలని 2001 ఏప్రిల్ నుండి నిబంధన విధించారు. 2004లో చేతుల శుభ్రతపై దేశవ్యాప్త కార్యక్రమం ప్రారంభించి, రోగి పడక పక్కనే ఆల్కహాల్ ద్రావణాన్ని అందుబాటులో ఉంచారు. 2008 నాటికి కేసులను సగానికి తగ్గించాలని అదే సంవత్సరం నవంబరులో లక్ష్యం నిర్దేశించారు. రోగులను పరీక్షించే సిబ్బంది పొడవు చేతుల కోట్లు, చేతి గడియారాలు ధరించరాదని 2007లో ఆదేశించారు.

ఫలితాలు అంకెలలోనే కనిపిస్తాయి. 2003-04లో 7,700 ఉన్న కేసులు 2008-09 నాటికి 2,935కు తగ్గాయి. ఒక్కొక్క రోగికి రోజుకు ఆసుపత్రులు కొనుగోలు చేసిన సబ్బు, ఆల్కహాల్ ద్రావణం పరిమాణం 2004-2008 మధ్య 21.8 మిల్లీలీటర్ల నుండి 59.8 మిల్లీలీటర్లకు పెరిగింది. ఇందులో మరొక పాఠం ఉంది. లక్ష్యం విధించిన సూక్ష్మజీవులపైనే శ్రద్ధ కేంద్రీకృతమైంది. అప్పటికి తప్పనిసరి లెక్కింపు లేని ఇతర రక్త ఇన్‌ఫెక్షన్లకు ఆ స్థాయి శ్రద్ధ దక్కలేదు. ఇ.కోలై బాక్టీరియా కేసుల తప్పనిసరి నమోదు 2011 జూన్‌లో గాని మొదలు కాలేదు.

మన దేశంలో

భారత వైద్య పరిశోధన మండలి, ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థల సహకారంతో దేశంలోనూ ఈ లెక్కింపు మొదలైంది. 2017 మే నుండి 2018 అక్టోబరు వరకు 26 ఆసుపత్రులలోని 89 ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలో ఒకే విధమైన నిర్వచనాలతో పరిశీలించగా 2,622 రక్త ఇన్‌ఫెక్షన్లు, 737 మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు నమోదయ్యాయి. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన కాయకల్ప పథకం ప్రభుత్వ ఆసుపత్రులకు పరిశుభ్రత, ఇన్‌ఫెక్షన్ నియంత్రణల ప్రాతిపదికన అవార్డులు అందిస్తోంది. ఇన్‌ఫెక్షన్ల నివారణపై జాతీయ మార్గదర్శకాలు 2020 జనవరిలో వెలువడ్డాయి. మార్గదర్శకాలు కాగితం మీది నుండి వార్డులోకి చేరడమే ఇక మిగిలిన పని.

వార్డులో చేయవలసినది

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు సందర్భాలలో చేతులు శుభ్రం చేసుకోవాలని నిర్దేశించింది: రోగిని తాకే ముందు, శుభ్రమైన చికిత్స ప్రక్రియ చేపట్టే ముందు, రక్తం వంటి శరీర ద్రవాలు అంటే అవకాశం ఏర్పడిన తరువాత, రోగిని తాకిన తరువాత, రోగి పరిసరాలను తాకిన తరువాత. ఆల్కహాల్ ద్రావణంతో ఇందుకు 20 నుండి 30 సెకన్లు, సబ్బు, నీటితో 40 నుండి 60 సెకన్లు సరిపోతాయి. గ్లౌజులు ధరించడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. కాథెటర్, రక్తనాళ గొట్టం ఇంకా అవసరమా అని ప్రతిరోజూ ప్రశ్నించుకుని, అవసరం తీరిన వెంటనే తొలగించడం మరొక కీలకమైన జాగ్రత్త.

ఆసుపత్రులను సమీక్షించే అధికారులు పడకల సంఖ్య, శస్త్రచికిత్సల సంఖ్యతో పాటు మూడు ప్రశ్నలు అడగడం సముచితం. గత నెలలో ఎన్ని ఇన్‌ఫెక్షన్లు నమోదయ్యాయి? చేతుల ద్రావణం ఎంత వినియోగమైంది? ఇన్‌ఫెక్షన్ నియంత్రణ కమిటీ ఎప్పుడు సమావేశమైంది?

ఈ అంకెలను చదివే పద్ధతి కూడా ముఖ్యమే. ఎక్కువ ఇన్‌ఫెక్షన్లు చూపిన ఆసుపత్రి తప్పనిసరిగా అధ్వానమైనది కాదు. శ్రద్ధగా వెతికి, దాచకుండా నమోదు చేసినది కావచ్చు. ఒక్క కేసూ లేదని నివేదించిన ఆసుపత్రిలో అసలు లెక్కింపే జరగకపోయి ఉండవచ్చు. నిజాయితీగా లెక్కించినవారిని దోషులుగా నిలబెడితే మరుసటి నెల నుండి రిజిస్టరు ఖాళీగా కనిపిస్తుంది. ఇన్‌ఫెక్షన్లు మాత్రం ఆగవు. ఏ ఆసుపత్రినైనా దాని గత సంవత్సరపు అంకెలతో పోల్చి చూడడం న్యాయం. అధికారులు, పత్రికలవారు ఈ విచక్షణ పాటించినప్పుడే లెక్క నిలుస్తుంది, లెక్కతో పాటు రోగి ప్రాణమూ నిలుస్తుంది.